పది వేళ్లు

చంద్రమ్మ కుడి బొటనవేలు మూడోసారి కూడా మిషనుకు నచ్చలేదు. ఎర్ర లైటు వెలిగి ఆరింది. రేషన్ డీలర్ ఎల్లేష్ మిషను మీది చిన్న అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి ఇంకో వేలు పెట్టమన్నాడు. చూపుడువేలు పెట్టింది. మధ్యవేలు పెట్టింది. వేలిని తలకు రుద్దుకొని నూనె అంటించి పెట్టమంటే అదీ చేసింది. కుడి చెయ్యి అయిపోయి ఎడమ చేతికి వచ్చేసరికి వెనక నిలబడ్డ ఆడవాళ్లు సంచులు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. లాల్‌దర్వాజ దగ్గరి ఆ సందులో సగం మందికి ఇది నెలనెలా చూసే ముచ్చటే.

పది వేళ్లకూ పది ఎర్ర లైట్లు. కన్ను చూసి మనిషిని గుర్తుపట్టే మిషను ఇంకొకటి ఉంది గానీ అది ఖరాబై నాలుగు నెలలైంది. ఎల్లేష్ దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టాడు. పైవాళ్లకు రాశానంటాడు. రాశాడో లేదో ఆ అటకకే తెలియాలి.

"బిడ్డను పెట్టమను అక్కా," అన్నాడు.

ప్రతి నెలా జరిగేది అదే. కార్డు మీద ముగ్గురు. చంద్రమ్మ భర్త అంజన్న ఇళ్లకు సున్నాలు వేసే మనిషి కాబట్టి అతని వేళ్లను సున్నం ఎప్పుడో తినేసింది. చంద్రమ్మ వేళ్లను లక్క గాజులు తిన్నాయి. మిగిలింది కూతురు స్రవ్య బొటనవేలు. ముగ్గురి బియ్యం పద్దెనిమిది కిలోలూ రెండేళ్లుగా ఆ వేలు మీదే ఇంటికి వస్తున్నాయి. స్రవ్య ఫోన్‌లో ఏదో చదువుకుంటూనే ముందుకు వచ్చి, చూడకుండానే బొటనవేలు ఆనించింది.

ఎర్ర లైటు.

అప్పుడు ఫోన్ సంచిలో పెట్టింది. మళ్లీ ఆనించింది. చున్నీతో తుడుచుకొని ఆనించింది. ఎల్లేష్ ఆమె వేలి మీద తన వేలు పెట్టి గట్టిగా నొక్కి కూడా చూశాడు.

"నీది గూడ పోయిందా బిడ్డా," అన్నాడు. వెటకారమేం లేదు అందులో, అలసట ఉంది. "గాజులోళ్ల చేతులు గింతే. పదిహేను తారీకు దాక టైముంది, మళ్ల వచ్చి చూడుండ్రి."

మడత విప్పని సంచితో ఇద్దరూ ఇంటికి తిరిగి వచ్చారు. దారంతా చంద్రమ్మ కూరగాయల ధరల గురించే మాట్లాడింది. స్రవ్య ఊఁ కొట్టింది. నడుస్తూనే బొటనవేలిని చూపుడువేలితో రుద్ది చూసుకుంది. గాజుపలకలా నున్నగా తగిలింది. ఇది ఎప్పటి నుంచి ఇలా ఉందో ఆమెకు తెలియదు. తన చేతులే గదా, ఎందుకు చూసుకుంటుంది.

అదే రోజు, మంగళవారం సాయంత్రం, ఎప్పటిలాగే కుంపటి ముందు కూర్చున్నారు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం సేటు పెళ్లిళ్ల ఆర్డరు ఇచ్చి మూడు వారాలైంది. అప్పటి నుంచి స్రవ్య యూనివర్సిటీ నుంచి రాగానే చెప్పులు విప్పి ఇక్కడే కూలబడుతోంది. చంద్రమ్మ లక్క ముద్దను నిప్పుల మీద తిప్పుతుంది. మెత్తబడగానే రాతి పలక మీద చెక్కతో దొర్లించి, తాడులా సాగదీసి, ఇత్తడి చుట్టుకు అతికించి బిడ్డకు అందిస్తుంది. అక్కడి నుంచి స్రవ్య పని. తడిపిన పుల్ల కొసతో ఒక్కొక్క రాయినీ ఎత్తి లక్క మీద పెట్టి వేలితో నొక్కాలి. లక్క చల్లారితే రాయి పట్టదు, వేడి ఎక్కువైతే వేలు వదలదు. ఆ రెంటికీ మధ్య ఉండే వేడి ఎంతో స్రవ్య వేళ్లకు తెలుసు. ఏడేళ్ల వయసు నుంచి తెలుసు.

అది అంతే ఎందుకు ఉంటుందో తెలుసుకోవాలనే ఆమె కెమిస్ట్రీ తీసుకుంది. చెట్టు మీది పురుగు చేసే ఈ లక్క నిప్పు దగ్గర ఎందుకు కరుగుతుంది, చల్లారితే ఎందుకు రాయిని పట్టుకుంటుంది అని చిన్నప్పుడు అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు. ఒక సెమిస్టరు విదేశంలో చదివి రావడానికి డిపార్ట్‌మెంటుకు రెండు సీట్లు వచ్చాయి. జర్మనీలో ఒకటి, బ్యాంకాక్‌లో ఒకటి. మొదటి ర్యాంకు ముందు కోరుకోవాలి, మిగిలింది రెండో ర్యాంకుకు. శుక్రవారం సంతకం పెట్టాలి. జర్మనీ ల్యాబ్‌లో చెట్ల జిగురు, లక్క లాంటి వాటి మీదే పరిశోధన. వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక ఫోటో ఉంది. అలమారలో గాజు సీసాలు, మూడో వరుసలో ఎర్రటి లక్క పెంకులు. ఆ ఫోటోను స్రవ్య ఎన్నిసార్లు పెద్దది చేసి చూసిందో లెక్కలేదు. బ్యాంకాక్‌లో నీటి పరీక్షలు. మంచి కోర్సే. కానీ ఆ ఫోటో అక్కడ లేదు.

రెండో ర్యాంకు అమృత ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. స్రవ్య ఫోన్‌ను గూట్లో పెట్టి, చేతులు ఆపకుండా మాట్లాడింది. అమృత వాళ్లు కాకినాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడినవాళ్లు. నాన్నది సెక్రటేరియట్‌లో ఉద్యోగం. నీకేంటే, ఎటు కావాలంటే అటు పోతావు, నేను నీ వెనకాల నిలబడాలి అని నవ్వింది. వాళ్ల అన్నయ్య వెళ్లొచ్చాడు కాబట్టి జర్మనీ వీసా సంగతులన్నీ చెప్పింది. బ్యాంకాక్‌కైతే కాగితాలు పంపితే చాలట. జర్మనీకి మాత్రం ఆఫీసుకు వెళ్లి పది వేళ్లూ మిషను మీద పెట్టాలట. అన్నయ్య స్నేహితుడికి చర్మం ఊడే జబ్బు ఉండి ముద్రలు పడలేదట. మూడుసార్లు తిప్పి, చివరికి వీసా చేతికొచ్చేసరికి అక్కడ క్లాసులు సగం అయిపోయాయట.

స్రవ్య నొక్కుతున్న రాయి పక్కకు జారింది. చంద్రమ్మ అది చూసింది. ఆ గాజును తీసుకొని మళ్లీ నిప్పు మీద పెట్టింది.

బుధవారం యూనివర్సిటీకి వెళ్తూ నయాపూల్ దాటేదాకా స్రవ్య బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టును వేళ్ల మధ్య నలుపుతూనే ఉంది. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఈ ఇబ్బంది రాలేదే అనుకుంది. రెండేళ్ల కిందటి మాట. పోయిన నెల దాకా పడిన బొటనవేలు కూడా ఇప్పుడు పడలేదంటే వేళ్లు పూర్తిగా పోయినట్టే. ఒకసారి పోయినవి అమ్మవి వచ్చాయా, బాపువి వచ్చాయా? అంజన్న రేషన్ దుకాణానికి రావడమే మానేశాడు. మన ముఖాలు తెలిసిన ఎల్లేష్ దగ్గరే మిషను ఒప్పుకోకపోతే, ముఖమే తెలియని దొరల మిషను ఒప్పుకుంటుందా. జర్మనీ కోరుకొని, వీసా దగ్గర ఆగిపోతే ఇటు బ్యాంకాకూ ఉండదు. రెండూ పోతాయి. బస్సు దిగేసరికి ఆమె నిర్ణయం అయిపోయింది.

కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాజరాజేశ్వరి మేడం గదిలో ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. మేడం ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటూ కూర్చోమంది. బ్యాంకాక్ అని స్రవ్య చెప్పగానే ఆ మూత బల్ల మీద పెట్టి కళ్లజోడు తీసింది. ఆ జర్మనీ ల్యాబ్ వాళ్లకు ఆమె నాలుగేళ్లుగా ఉత్తరాలు రాస్తోంది. ఈ ఏడాదే ఒప్పుకున్నారు.

"లక్కతో పనిచేస్తూ పెరిగిన పిల్ల ఉంది, ఆ అమ్మాయిని పంపుతాను అని రాశానమ్మా వాళ్లకి. ఏమైంది నీకు? ఇంట్లో వద్దన్నారా?"

జవాబు మేడమే అందించింది. పట్టుకోవడమే మిగిలింది. బల్ల కింద స్రవ్య పిడికిళ్లు బిగించి, అవునన్నట్టు తలూపింది.

"దూరం వద్దంటున్నరు మేడం."

మేడం చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది. "మీ పాతబస్తీ పిల్లలతో ఎప్పుడూ ఇదే. చదువుతారు, ర్యాంకు తెస్తారు, తీరా చివర్లో ఇంట్లో వాళ్లు తలుపేస్తారు," అంది. కోపంగా కూడా అనలేదు, అలవాటైన మాటలా అంది. శుక్రవారం సంతకాల కాగితం తయారుగా పెడతానంది. స్రవ్య బయటికొచ్చి కారిడార్‌లో కొళాయి విప్పి చేతులు కడుక్కుంది. ఎందుకు కడుక్కుందో ఆమెకే తెలియలేదు. ఎప్పుడూ ఒక్క మాట కాదనని అమ్మను, బాపును అంత సులువుగా దోషుల్ని చేసిందన్న సిగ్గు మాత్రం నీళ్లతో పోయేది కాదు.

గురువారం సాయంత్రం అమృత ఇంటికి వచ్చింది. చిన్నాన్న కూతురి పెళ్లికి గాజులు మీ ఇంట్లోనే తీసుకుంటానని నెల కిందట అన్నది, అన్న మాట ప్రకారం వచ్చింది. సందులో ఆటో పట్టక ఎక్కడో దిగి నడిచి, చెమటలు కక్కుతూ వచ్చింది. చంద్రమ్మ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. చల్లటి నీళ్లిచ్చింది. అమృత చేతిని తన చేతిలోకి తీసుకొని, ఎముకల దగ్గర మెల్లగా నొక్కి కొలత చూసింది. మెరూన్ రంగు జత ఒకటి తీసి, వేళ్లన్నీ ఒకచోటికి కూడదీసి, నొప్పి తెలియకుండా ఎక్కించింది. అమృత చెయ్యి దీపం వైపు తిప్పి మురిసిపోయింది. ఆ మురిపెంలోనే, మంచి మనసుతోనే, అనేసింది:

"ఆంటీ, మీరు జర్మనీ దూరమని వద్దన్నారటగా. మేడం చెప్పారు. నిజం చెప్పొద్దూ, మీ వల్లే నాకు ఆ సీటు వస్తోంది."

చంద్రమ్మ చెయ్యి రెండో గాజు మీద ఆగింది. గోడ పక్కన బకెట్లో చేతుల సున్నం కడుక్కుంటున్న అంజన్న తలెత్తి చూశాడు. స్రవ్య నేల వైపు చూసింది. ఇంటికొచ్చిన పిల్ల ముందు లొల్లి ఎందుకనుకుందేమో, చంద్రమ్మ రెండో గాజు కూడా ఎక్కించి, సల్లగుండు బిడ్డా అంది. డబ్బులిస్తే సగమే తీసుకుంది. సందు చివరి దాకా వెళ్లి సాగనంపి వచ్చింది.

వచ్చి కుంపటి ముందు కూర్చొని నిప్పులు కదిపింది.

"నేనెన్నడన్న వద్దన్ననా?"

స్రవ్య నేల మీద రాలిన రాయి ఒకటి ఏరి డబ్బాలో వేసింది.

"మీ బాపు అన్నడా?"

అప్పుడు స్రవ్య రెండు అరచేతులూ చాపింది. వీసాకు పది వేళ్లూ పెట్టాలంట అమ్మా అంది. మంగళవారం చూసినవ్ గదా, ఎర్ర లైటు వచ్చింది. అక్కడ గూడ గట్లనే వస్తే రెండు సీట్లూ పోతయి. అందుకే బ్యాంకాక్ అన్న. మేడం అడిగితే ఏం చెప్పాల్నో తెలవక మీ పేరు చెప్పిన. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది.

చంద్రమ్మ ఆ చేతులు పట్టుకొని ట్యూబ్‌లైటు కిందికి లాగింది. ఒక్కో వేలూ తిప్పి చూసింది. గాజులు అమ్మేటప్పుడు పగుళ్లున్నాయేమోనని చూసినంత నిదానంగా చూసింది.

"మా పేరు చెప్పనీకి నోరొచ్చింది గని, మిషను పేరు చెప్పనీకి రాలేదా," అంది. చాలా బాధగా అంది. తర్వాత, "పాస్‌పోర్టు తీసినప్పుడు వేళ్లు ఎట్ల వచ్చినయ్?" అని అడిగింది.

స్రవ్యకు తెలియదు. గోడ పక్క నుంచి అంజన్న అందుకున్నాడు. "గప్పుడు నీ కాలు ఇరిగుండె. నేనే గద ఆటోల తీస్కపోయిన."

నిజమే. మెట్ల మీద జారిపడి ఆరు వారాలు కాలుకు కట్టుతో మంచం మీద ఉంది. కుంపటి దగ్గర కూర్చోవడానికి మోకాలు మడవరాదు కాబట్టి అన్ని రోజులూ లక్క ముట్టుకోలేదు. పాస్‌పోర్టు ఆఫీసులో పిల్లవాడు ఒక్కసారికే పది వేళ్లూ తీసుకొని పొమ్మన్నాడు. కెమిస్ట్రీలో మొదటి ర్యాంకు వచ్చిన మనిషికి ఈ సంగతి తట్టలేదు. ఇంట్లో పదేళ్లుగా ఎర్ర లైటు చూస్తూ పెరిగితే, పోయిన వేలు పోయినట్టేనని నమ్మేసింది. పని ఆపితే తోలు తిరిగి వస్తుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? ఎవరు ఆపారు గనక?

"కొత్త తోలు రానియ్యి," అంది చంద్రమ్మ. "గా వీసా దాక నువ్వు దీన్ని ముట్టకు."

"ఆర్డరు సగం గూడ కాలేదమ్మా."

"నేను జేస్త."

"రాళ్లు నీకు కనపడవు. చెయ్యి కాలుతది. ఇప్పటికే నీ వేళ్లు..."

చంద్రమ్మ తన చేతులు ముందుకు చాపి చూపించింది. కొసలు పలకబారి, పసుపు రంగుకు తిరిగి, గోళ్ల దాకా నున్నగా ఉన్నాయి.

"నా వేళ్ల మీద ఇంక పొయ్యేటందుకు ఏమున్నది బిడ్డా."

కుంపటిని కాలితో తన వైపుకు జరుపుకుంది. రాళ్ల డబ్బా కూడా తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. స్రవ్య ఎదురుగా ఖాళీగా కూర్చుంది. తల్లి మొదటి రాయి పెట్టింది, వంకరగా వచ్చింది. స్రవ్య చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. చంద్రమ్మ చూపుతోనే దాన్ని వెనక్కి పంపింది.

శుక్రవారం మేడం కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. అమృత అప్పటికే గుమ్మం దగ్గర ఉంది, చేతికి మెరూన్ గాజులు వేసుకొని. స్రవ్య పెన్ను తీసుకోలేదు.

"ఇంట్లో ఎవ్వరూ వద్దనలేదు మేడం. నేనే అబద్ధం చెప్పిన. నాకు జర్మనీ కావాలె."

మేడంకు కోపం వచ్చింది. రోజుకో మాటా అంది, ఇది చూడీబజార్ గాజుల బేరం అనుకుంటున్నావా అంది. స్రవ్య ఆ మాట పడింది. తర్వాత చేతులు బల్ల మీద పెట్టి, రేషన్ దుకాణం నుంచి పాస్‌పోర్టు ఆఫీసు దాకా అంతా చెప్పింది. మేడం కళ్లజోడు పెట్టుకొని ముందుకు వంగింది. లక్కతో పనిచేస్తూ పెరిగిన పిల్ల అని ఎన్ని ఉత్తరాల్లో రాసిందో, ఆ పిల్ల చేతులు చూడటం మాత్రం ఇదే మొదటిసారి. చాలాసేపు చూసింది. ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది.

"వీసా ఆఫీసులో ఎంత ఆలస్యపు తేదీ దొరుకుతుందో కనుక్కుంటాను," అంది చివరికి. "బుధవారం నేనన్న మాట మీ అమ్మగారికి చెప్పకు."

కారిడార్‌లో అమృత గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఇంట్లో అందరికీ చెప్పేశానే అంది. మా నాన్న స్వీట్లు కూడా పంచాడంది. స్రవ్య క్షమించమంటే, కోపం లేదంటూనే చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్లి బ్యాంకాక్ కాగితం మీద సంతకం పెట్టింది. పెడుతుంటే గాజులు బల్లకు తగిలి చప్పుడయ్యాయి. ఆ మరుసటి వారమంతా ఇద్దరూ వేరే వేరే బస్సులెక్కారు.

పదిహేనో తారీకు దాటింది, ఆ నెల బియ్యం పోయాయి. అంజన్న కిరాణా దుకాణంలో కొనుక్కొచ్చాడు. చంద్రమ్మ గాజుల్లో ఐదు జతలు రాళ్లు వంకరగా ఉన్నాయని సేటు తిప్పి పంపాడు. ఆమె వాటిని మళ్లీ కరిగించి మళ్లీ చేసింది. స్రవ్య రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చొని జర్మన్ పాఠాలు చదివింది, గిన్నెలు కూడా తోమనివ్వలేదు ఆమెను తల్లి. పడుకునే ముందు చంద్రమ్మ ఆమె వేళ్లకు కొబ్బరినూనె రాసింది. రాసేటప్పుడు తల్లి వేళ్లు ఆమె వేళ్లకు గరుకుగానైనా తగలలేదు. నున్నగా, వేడిగా తగిలాయి. ఇది చాలా పెద్ద శిక్షలా ఉంది స్రవ్యకు. ఒకరోజు, నేను పోను, నాతోని కాదు అని కూడా అంది. చంద్రమ్మ వినిపించుకోలేదు.

తర్వాతి నెల ఐదో తారీకున ఇద్దరూ రేషన్ దుకాణం ముందు నిలబడ్డారు. చంద్రమ్మ ఈసారి తన వేలు పెట్టనేలేదు. బిడ్డను ముందుకు తోసింది. స్రవ్య చున్నీకి వేలు తుడుచుకొని ఆనించింది.

పచ్చ లైటు.

ఎల్లేష్ నవ్వి బియ్యం తూచాడు. "మంచిగైంది. ఫికర్ లేదింక. నెలనెల బిడ్డనే తోల్కరా అక్కా," అన్నాడు.

"వచ్చే నెల నుంచి రాదు. జర్మనీ పోతున్నది. ఆరు నెలలు."

తూకం మీద ఎల్లేష్ చెయ్యి ఆగింది. "మరి మీ బియ్యం?"

చంద్రమ్మ అటక వైపు చూసింది. ప్లాస్టిక్ కవరు మీద దుమ్ము పేరుకొని ఉంది. ఇన్నేళ్లూ ఈ దుకాణం ముందు ఆమె బతిమాలడమే గానీ అడిగింది లేదు.

"గా కన్ను మిషను దించి బాగు చేపియ్యి తమ్మీ. వేళ్లు మా దగ్గర లెవ్వు. కండ్లున్నయి."

వరుసలో వెనక నుంచి ఎవరో ఆడమనిషి, గంతే చెయ్యాలె, మాకు గూడ అంది. ఎల్లేష్ అటక వైపు ఒకసారి చూశాడు.

చంద్రమ్మ సంచి మూతి కట్టింది. స్రవ్య వంగి రెండో కొస అందుకోబోతే చేత్తో అడ్డుకుంది.

"నువ్వు ముట్టకు. గోనెసంచి గీస్కపోతది. వీసా సోమవారమే గద."

ఒక్కతే సంచిని మోకాలి మీదికి, అక్కడి నుంచి నెత్తి మీదికి ఎత్తుకుంది. పద్దెనిమిది కిలోలు. మెడ కుదురుకునే దాకా ఆగి, సందులోకి నడిచింది. స్రవ్య రెండు చేతులూ ఖాళీగా పెట్టుకొని ఆమె వెనకాలే ఇంటికి నడిచింది.